పారిస్ మీదుగా

రాత్రిపూట అసైన్‌మెంట్లు చేసుకుంటూ యూట్యూబ్‌లో పియానో ప్లేలిస్ట్ పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ ప్లేలిస్ట్‌లో ఒకాయన ట్యూన్ తప్పకుండా ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి నేను చాలా రోజులు ఆయన పేరు చోపిన్ అనే చదివాను. షోపాన్ అనాలట. ఫ్రెడెరిక్ షోపాన్.

ఆయన గురించి చదవడం మొదలుపెట్టింది మ్యూజిక్ కోసమే. కానీ చదివాక ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం వేరే విషయం. ఇరవై ఏళ్ల వయసులో ఇల్లు వదిలి వెళ్లిన షోపాన్ ఆ తర్వాత దాదాపు పందొమ్మిదేళ్లు బతికాడు. ఆ పందొమ్మిదేళ్లలో ఇంటివాళ్లని కలిసింది మూడంటే మూడు సార్లు. పందొమ్మిదేళ్లంటే ఇప్పుడు నా వయసు. పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా నేను మా అమ్మని ఒక్కసారే చూసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. అందుకే ఈ కథ రాస్తున్నాను.

షోపాన్ 1810లో పోలండ్‌లోని జెలజోవా వోలా అనే పల్లెలో పుట్టాడు. అతను పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం వార్సా నగరానికి మారింది. అప్పటి పోలండ్ పేరుకే రాజ్యం. దాని మీద అధికారం రష్యా చక్రవర్తిది. తల్లి యుస్తినా పోలిష్ ఆవిడ. తండ్రి నికొలాస్ మాత్రం ఫ్రెంచ్ మనిషి. లొరెయిన్ ప్రాంతంలోని మారెన్‌విల్ అనే ఊళ్లో పుట్టి, పదహారేళ్ల వయసులో పోలండ్ వచ్చేశాడు. మళ్లీ వెనక్కి వెళ్లలేదు. ఫ్రెంచ్ పాఠాలు చెప్పుకుంటూ అక్కడే పెళ్లి చేసుకుని పూర్తిగా పోలిష్ వాడైపోయాడు. తన పుట్టినూరి ముచ్చట్లు పిల్లలకి పెద్దగా చెప్పేవాడు కాదు. అంటే ఈ ఇంట్లో మొదటి ప్రవాసి కొడుకు కాదు, తండ్రి. తండ్రి ఫ్రాన్స్ నుంచి పోలండ్‌కి వచ్చాడు, కొడుకు పోలండ్ నుంచి ఫ్రాన్స్‌కి వెళ్లాడు. ఇద్దరూ పుట్టిన దేశాన్ని మళ్లీ చూడలేదు.

ఆ ఇల్లు ఎప్పుడూ సందడిగా ఉండేది. తండ్రి వార్సా లిసియంలో ఫ్రెంచ్ టీచర్. దాంతోపాటు ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చే అబ్బాయిల కోసం ఇంట్లోనే చిన్న హాస్టల్ లాంటిది నడిపేవాడు. భోజనాల బల్ల దగ్గర ఎప్పుడూ బయటి పిల్లలు ఉండేవాళ్లు. అక్క లుద్విక షోపాన్ కన్నా మూడేళ్లు పెద్ద. ఇజబెలా, ఎమిలియా చెల్లెళ్లు. ఎమిలియా 1827లో, పద్నాలుగేళ్లకే టీబీతో చనిపోయింది. ఆ జబ్బు ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

1830 నవంబర్ 2న షోపాన్ వార్సా నుంచి బయల్దేరాడు. పారిపోవడం లాంటిదేమీ కాదు. పేరు తెచ్చుకోవాలంటే వియన్నా లాంటి పెద్ద నగరాల్లో కచేరీలు చేయాలి కాబట్టి వెళ్తున్నాడు, అంతే. ఊరి పొలిమేరలో గురువు ఎల్స్‌నర్ తన స్టూడెంట్లతో పాట పాడించి సాగనంపాడు. స్నేహితుడు టైటస్ దారిలో కలిశాడు. ఇద్దరూ వియన్నా చేరిన వారం లోపే వార్సాలో రష్యాకి వ్యతిరేకంగా తిరుగుబాటు మొదలైంది. టైటస్ పోరాడటానికి వెంటనే వెనక్కి వెళ్లిపోయాడు. షోపాన్ ఒంటరిగా మిగిలాడు. ఆ ఏడాది క్రిస్మస్ రాత్రి వియన్నాలోని పెద్ద చర్చిలో ఒక స్తంభం పక్కన చీకట్లో ఒక్కడే నిలబడి ఉన్నానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. హాస్టల్‌లో మొదటి పండగ గడిపిన వాళ్లకి ఆ రాత్రి గురించి వేరే చెప్పక్కర్లేదు.

వియన్నాలో అవకాశాలు రాలేదు. పారిస్ వెళ్దామంటే రష్యన్ ఎంబసీ అడ్డం. పోలిష్ వాళ్లు రష్యా ప్రజలే కాబట్టి వాళ్ల పాస్‌పోర్ట్ ఆ ఎంబసీ చేతిలోనే ఉంటుంది. విప్లవాల ఊరు అని పారిస్ పేరు చెబితేనే రష్యా వాళ్లకి పడదు. అందుకని పాస్‌పోర్ట్ మీద పారిస్ మీదుగా లండన్ వెళ్తున్నట్టు రాయించుకున్నాడు. తర్వాతి కాలంలో, తను పారిస్‌లో ఉండట్లేదని, లండన్ వెళ్తూ దారిలో ఆగాడంతేనని స్నేహితులతో జోక్ చేసేవాడట. ఆ ఆగడం పద్దెనిమిదేళ్లు సాగింది.

దారిలో స్టుట్‌గార్ట్‌లో ఉన్నప్పుడు, 1831 సెప్టెంబర్‌లో, వార్సా రష్యా సైన్యం చేతికి చిక్కిందని తెలిసింది. ఫోన్ లేదు, టెలిగ్రామ్ కూడా లేదు. అమ్మానాన్నా, అక్కాచెల్లెళ్లూ బతికి ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే ఉత్తరం వచ్చేదాకా ఆగాలి. ఆ రోజుల్లో అతను డైరీలో రాసుకున్న పేజీలు చదివితే మతి తప్పినట్టే అనిపిస్తుంది. ఇంటివాళ్లు క్షేమంగానే ఉన్నారు. కానీ తలుపు మూసుకుపోయింది.

ఎలా మూసుకుపోయిందో చెప్పాలి. తిరుగుబాటు తర్వాత బయట దేశాల్లో ఉన్న పోలిష్ వాళ్లు రష్యన్ ఎంబసీకి వెళ్లి తమ కాగితాలు సరిచేసుకోవాలి. షోపాన్ వెళ్లలేదు. దాంతో రష్యా దృష్టిలో అతను రాజకీయ శరణార్థి. 1835లో ఫ్రాన్స్ పౌరసత్వం వచ్చింది. యూరప్‌లో తిరగడానికి ఆ కాగితం పనికొచ్చింది, ఇంటికి వెళ్లడానికి మాత్రం పనికిరాలేదు. ఆ రోజు ఎంబసీ మెట్లెక్కి ఉంటే ఇంటి దారి తెరిచి ఉండేదేమో. కానీ టైటస్ లాంటి స్నేహితులు ఎవరి మీద పోరాడారో, సరిగ్గా వాళ్ల ముందుకే వెళ్లి తలవంచాలి. అతను అది చేయలేకపోయాడు. ఇందులో తప్పెవరిదో నేను తేల్చలేను.

పారిస్‌లో బతుకు మాత్రం బాగానే కుదిరింది. ధనవంతుల పిల్లలకి పియానో పాఠాలు చెప్పేవాడు. ఒక పాఠానికి 20 ఫ్రాంకులు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. స్టేజీ మీద కచేరీలంటే అతనికి భయం. జీవితం మొత్తంలో పెద్ద కచేరీలు చేసింది సుమారు ముప్పై మాత్రమే. ఇంట్లో, నలుగురు స్నేహితుల మధ్య, కొవ్వొత్తుల వెలుగులో వాయించడమే ఇష్టం. వచ్చినవాళ్లని నవ్వించడానికి తెలిసినవాళ్ల మాటలు, నడకలు అచ్చం దించేసేవాడు. డబ్బు వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోయేది. నాలుగు డబ్బులు వెనకేసుకోమని తండ్రి ఉత్తరాల్లో చెబుతూనే ఉండేవాడు. తండ్రులు ఏ కాలంలోనైనా తండ్రులే.

తిరుగుబాటు అణిగిపోయాక వేలమంది పోలిష్ వాళ్లు పారిస్ చేరారు. వాళ్లలో కవులు, సైనికాధికారులు, రాజవంశం వాళ్లు కూడా ఉన్నారు. షోపాన్ ఇల్లు వాళ్లలో చాలామందికి తెలిసిన చిరునామా. 1834లో చిన్ననాటి స్నేహితుడు యాన్ మతుషిన్‌స్కీ వచ్చాడు. తిరుగుబాటులో డాక్టర్‌గా పనిచేసినవాడు. ఇద్దరూ ఒకే ఫ్లాట్‌లో రూమ్మేట్స్‌గా ఉన్నారు. క్రిస్మస్ రాత్రి గురించిన ఉత్తరం అందుకున్నది ఇతనే. యాన్‌కీ టీబీ పట్టింది. 1842లో చనిపోయేటప్పుడు షోపాన్ అతని పక్కనే ఉన్నాడు. ఇంకో సంగతి. షోపాన్ కొన్నాళ్లు ఒక పోలిష్ పనివాణ్ణి పెట్టుకున్నాడు. అతని పేరూ యానే. ఆ ఇంట్లో మిగతావాళ్లకి అతనితో పడేది కాదు. అయినా ఇంట్లో రోజూ సొంత భాష మాట్లాడటానికి ఒక మనిషి ఉన్నాడు.

ఇప్పుడు ఆ మూడు కలయికల్లో మొదటిది. 1835 వేసవిలో తండ్రి ఆరోగ్యం కోసం తల్లిదండ్రులు కార్ల్స్‌బాద్ వస్తున్నారని తెలిసింది. వేడినీటి ఊటలున్న ఊరు అది. ఇప్పుడు చెక్ దేశంలో ఉంది, పేరు కార్లోవీ వారీ. అప్పుడది ఆస్ట్రియాది. వాళ్లు పారిస్ రాలేరు, ఇతను వార్సా వెళ్లలేడు. కాబట్టి మూడో దేశం. షోపాన్ పాఠాలన్నీ ఆపేసి బయల్దేరాడు. రైళ్లు ఇంకా రాలేదు, గుర్రపు బండిలో రోజుల తరబడి ప్రయాణం. ఆగస్టు మధ్యలో ముగ్గురూ కలిశారు. అప్పటికి దాదాపు అయిదేళ్లయింది. మర్నాడు తండ్రీ కొడుకూ కలిసి ఒకే కాగితం మీద వార్సాలోని ఆడపిల్లలకి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలో షోపాన్ సంతోషం పట్టలేక రాసిందే మళ్లీ మళ్లీ రాశాడు.

నెల రోజులు కలిసి ఉన్నారు. పారిస్‌లో షోపాన్ దగ్గర పియానో నేర్చుకున్న టూన్ కుటుంబం పిల్లల కోట దగ్గర్లోనే ఉంటే అక్కడికీ వెళ్లారు. సెప్టెంబర్ 14న తల్లిదండ్రులు వార్సా వైపు బండెక్కారు. తండ్రికి 64 ఏళ్లు, కొడుకుకి 25. ఇదే ఆఖరిసారి అని ఆ రోజు ఎవరికీ తెలియదు. తర్వాత అమ్మని గానీ నాన్నని గానీ షోపాన్ మళ్లీ చూడలేదు.

ఆ చలికాలంలోనే షోపాన్‌కి జబ్బు చేసింది. అతను చనిపోయాడన్న పుకారు వార్సా దాకా పాకింది. అది అబద్ధమని అక్కడి పేపర్‌లో వేయాల్సి వచ్చింది. కొడుకు కబురు కోసం ఆ ఇంట్లో ఎలా ఎదురుచూసి ఉంటారో. ఈ రోజుల్లో వాట్సాప్‌లో బ్లూ టిక్ పది నిమిషాలు ఆలస్యమైతేనే మనవాళ్లు కంగారు పడిపోతారు.

ఆ తర్వాత షోపాన్ జీవితంలోకి జార్జ్ సాండ్ వచ్చింది. మగ పేరు పెట్టుకుని రాసిన ప్రసిద్ధ రచయిత్రి. ఇద్దరు పిల్లల తల్లి. దాదాపు తొమ్మిదేళ్లు వాళ్లిద్దరూ కలిసి ఉన్నారు. నోఆన్ అనే పల్లెలో ఆమెకి పెద్ద ఇల్లు, తోట ఉన్నాయి. చాలా వేసవులు షోపాన్ అక్కడే గడిపాడు. అతని గొప్ప రచనల్లో చాలా వరకు అక్కడ రాసినవే.

1844 మే 3న వార్సాలో తండ్రి చనిపోయాడు. ఆ వార్త పారిస్ చేరేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి. షోపాన్ గది తలుపులేసుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్న చివరి రోజులు ఎలా గడిచాయో చిన్న బావ ఉత్తరంలో వివరంగా రాసి పంపాడు. కొడుకుకి అందింది ఆ కాగితమే. సాండ్ అతని తల్లికి ఓదార్పు ఉత్తరం రాసింది. ఆ వేసవిలోనే అక్క లుద్విక, భర్త కలసంటితో కలిసి తమ్ముణ్ణి చూడటానికి బయల్దేరింది. అదీ రెండో కలయిక. తమ్ముడు చాలా చిక్కిపోయాడు, చూసి బెదిరిపోవద్దని సాండ్ ముందే ఆమెకి ఉత్తరం రాసింది. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకుని అప్పటికి దాదాపు పద్నాలుగేళ్లు.

వాళ్లని రిసీవ్ చేసుకోవడానికి షోపాన్ నోఆన్ నుంచి పారిస్ వచ్చాడు. అక్కాబావలకి ఊరంతా చూపించాడు. అసలే ఓపిక లేని మనిషి, చుట్టాలొచ్చారని తిరిగి తిరిగి అలసిపోయాడు. తర్వాత వాళ్లు నోఆన్ వచ్చి కొన్ని వారాలు ఉన్నారు. అక్కకీ సాండ్‌కీ బాగా కుదిరింది. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న ఇంటికి భక్తి గల కుటుంబం నుంచి అక్క రావడం, ఆ ఇంట్లో సంతోషంగా ఉండి వెళ్లడం అప్పటికి చిన్న విషయం కాదు. సెప్టెంబర్ మొదట్లో వాళ్లు తిరుగు ప్రయాణమయ్యారు.

వాళ్లు వెళ్లాక షోపాన్ అక్కకి రాసిన ఉత్తరంలోని ఒక సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. వాళ్లున్న గదిలోకి వెళ్లినప్పుడల్లా, వాళ్లది ఏమైనా మిగిలిపోయిందేమోనని వెతుక్కుంటాడట. కలిసి చాక్లెట్ తాగిన సోఫా పక్క చోటు, బావ చూసి గీసిన బొమ్మలు కనిపిస్తాయట. తన గదిలో అయితే అక్క ఎంబ్రాయిడరీ చేసిన చెప్పుల గుడ్డ బల్ల మీద మడతపెట్టి ఉంది. పియానో మీద ఆమె నోట్‌బుక్‌లోని చిన్న పెన్సిల్ ముక్క ఉంది, అది తనకి బాగా పనికొస్తోందని రాశాడు. చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరనుకుంటా.

1847లో సాండ్ కుటుంబ గొడవల్లో ఇద్దరూ విడిపోయారు. 1848లో పారిస్‌లో విప్లవం వచ్చింది. డబ్బున్న స్టూడెంట్లు ఊరొదిలి పారిపోయారు. పాఠాలు లేక షోపాన్ లండన్, అక్కణ్ణుంచి స్కాట్లండ్ వెళ్లాడు. మెట్లెక్కలేని స్థితి, ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. 1848 నవంబర్ 16న లండన్ గిల్డ్‌హాల్‌లో వాయించాడు. అది పోలిష్ శరణార్థులకి సహాయం కోసం ఏర్పాటు చేసిన కార్యక్రమం. జనం మధ్య అతను వాయించిన ఆఖరిసారి అదే. లేవలేని స్థితిలోనూ తనలాగే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం వెళ్లాడు.

1849 జూన్‌లో పారిస్ నుంచి అక్కకి ఇంకో ఉత్తరం రాశాడు. వీలైతే రమ్మని. డబ్బు లేకపోతే అప్పు చేసైనా రమ్మని, పాస్‌పోర్ట్ సంగతి త్వరగా చూసుకోమని. వచ్చేటప్పుడు కుట్టుపని సామాను తెచ్చుకోమని, చేతిరుమాళ్లు, మేజోళ్లు కుట్టే పని తను ఇస్తానని కూడా రాశాడు. చావు దగ్గరికొచ్చిందని తెలిసినవాడు నేను చనిపోతున్నాను, రా అని రాయలేదు. నా రుమాళ్లు కుట్టిపెడుదువు గాని, రా అన్నట్టు రాశాడు. అక్కకి అర్థమైంది.

ఆగస్టులో లుద్విక, భర్త, కూతురు వచ్చారు. ఇది మూడోదీ, చివరిదీ. బావ కొన్నాళ్లకి వార్సా వెళ్లిపోయాడు. లుద్విక మాత్రం కూతురితో తమ్ముడి దగ్గరే ఉండిపోయి రాత్రుళ్లు పక్కన కూర్చుంది. సెప్టెంబర్‌లో అతన్ని వాందోమ్ చౌక్‌లోని ఎండ తగిలే ఇంటికి మార్చారు. అక్టోబర్ 17 తెల్లవారుజామున షోపాన్ చనిపోయాడు. 39 ఏళ్లు.

దేహాన్ని పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో పాతిపెట్టారు. గుండెని మాత్రం వార్సాకి పంపాలన్నది అతని కోరిక. డాక్టర్లు గుండెని వేరుచేసి సీసాలో, ఆల్కహాల్‌లో పెట్టారు. 1850లో లుద్విక ఇంటికి బయల్దేరినప్పుడు ఆ సీసాని దుస్తుల కింద దాచుకుని సరిహద్దు దాటించిందని చెబుతారు. ఏ సరిహద్దు దగ్గర తమ్ముడు పందొమ్మిదేళ్లు ఆగిపోయాడో, అదే సరిహద్దు. ఈసారి పాస్‌పోర్ట్ ఎవరూ అడగలేదు.

1863లో వార్సాలో మళ్లీ తిరుగుబాటు జరిగినప్పుడు, చెల్లెలు ఇజబెలా ఉంటున్న భవనాన్ని రష్యా సైనికులు కొల్లగొట్టారు. ఇంట్లో ఉన్న షోపాన్ పియానోని కిటికీలోంచి వీధిలోకి తోసేశారు. పందొమ్మిదేళ్లపాటు అతను ఇంటికి రాసిన ఉత్తరాలు చాలావరకు ఆ మంటల్లో పోయాయి. గుండె మాత్రం మిగిలింది. ఇప్పుడది వార్సాలోని హోలీ క్రాస్ చర్చిలో, ఒక స్తంభం లోపల ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దాన్ని తీసేసినా, 1945 అక్టోబర్ 17న, అతని వర్ధంతి నాడు, మళ్లీ అక్కడికే చేర్చారు. 2014లో నిపుణులు తీసి చూశారు. సీసా చెక్కుచెదరలేదు.

మన సీనియర్లు చాలామంది ఇప్పుడు వీసా స్లాట్ల కోసం ఎదురుచూస్తున్నారు. రెండేళ్లకి మన వంతు. మనకి వీడియో కాల్ ఉంది, ఫ్లైట్ ఉంది, షోపాన్‌కి ఉన్న కష్టం మనకి లేదు. అయినా వెళ్లినవాళ్లు ఇంటికి రావడం ఒక కాగితం మీద ఆధారపడటం అనే మాట పూర్తిగా పాతబడలేదని మనలో కొందరి ఇళ్లలో తెలుసు.

చివరగా ఒక్క సంగతి. తల్లి యుస్తినా 1861 దాకా బతికింది. 1835లో కార్ల్స్‌బాద్‌లో వీడ్కోలు చెప్పాక కొడుకుని మళ్లీ చూడలేదు. పదిహేనేళ్ల తర్వాత లుద్విక ఇంటికొచ్చి ఆ సీసా దించినప్పుడు ఆవిడకి 67 ఏళ్లు దాటాయి. ఆ తర్వాత పదకొండేళ్లు ఆవిడ, కొడుకు గుండె ఒకే ఊళ్లో ఉన్నారు.